తమ్ముడికి మొదటిసారి సైకోసిస్, రిపోర్టులో సీఆర్‌పీ 14: మాత్రలు ఆపి ఇన్‌ఫ్లమేషన్‌కు వైద్యం చేయించాలా?

అమ్మా, మీరు రాసిన వివరాలన్నీ శ్రద్ధగా చదివాను. ఇదే అవస్థలో ఉన్న మరికొన్ని కుటుంబాలవారు కూడా ఈ సమాధానం చదువుతారు కాబట్టి మీ ప్రశ్నను ముందు క్లుప్తంగా చెబుతాను.

మీది రాజోలు దగ్గర పల్లెటూరు. తమ్ముడికి ఇరవై ఒక్క ఏళ్లు, భీమవరంలో ఇంజనీరింగ్ చదువుతున్నాడు. సంక్రాంతికి ఇంటికి వచ్చినప్పుడే స్నేహితులెవరినీ కలవకుండా గదిలో కూర్చున్నాడు. వేసవికల్లా రాత్రి నిద్ర పోయింది, పరీక్షలు తప్పాడు. వినాయక చవితి ముందు టైఫాయిడ్ వచ్చింది, ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర సెలైన్లు, ఇంజెక్షన్లు పెట్టించారు. జ్వరం తగ్గిన మూడు వారాలకు, హాస్టల్ పిల్లలు తన ఫోనులో మాటలు వింటున్నారని, గోడ అవతల తన గురించే మాట్లాడుకుంటున్నారని చెప్పడం మొదలుపెట్టాడు. అమ్మగారు తాయెత్తు కట్టించారు. మీరు పట్టుబట్టి రాజమండ్రిలో మానసిక వైద్యుడికి చూపించారు. సైకోసిస్‌ను, అంటే లేని మాటలు వినిపించడం, లేనిపోని అనుమానాలు గట్టిగా నమ్మడం వంటి స్థితిని, తగ్గించే రిస్పెరిడోన్ మాత్ర మొదలై పది రోజులైంది. ఈలోగా చేయించిన రక్త పరీక్షల్లో సీఆర్‌పీ 14 అని వచ్చింది. ఒంట్లో ఇన్‌ఫ్లమేషన్, అంటే రోగనిరోధక శక్తి రేగి వచ్చే వాపు లాంటి స్పందన, ఉంటే పెరిగే అంకె అది. అది చూసి మీ మేనమామగారు, ఇది మెదడులో ఇన్‌ఫ్లమేషన్ అని ఇంటర్నెట్‌లో చదివానని, మానసిక వైద్యుడి మాత్రలు ఆపి పసుపు క్యాప్సూళ్లు, నొప్పి మాత్రలు వాడాలని, కుదిరితే స్టెరాయిడ్ ఇప్పించాలని అంటున్నారు.

ముందు సూటిగా జవాబు చెబుతాను. రిస్పెరిడోన్ ఆపకండి. ఒక్క పూట కూడా ఆపకండి. మీ మేనమామగారు చదివినదాంట్లో నిజం ఉంది. ఇన్‌ఫ్లమేషన్‌కూ సైకోసిస్ తొలి దశకూ సంబంధం ఉందని గట్టి పరిశోధనలే చెబుతున్నాయి. అయితే ఆ నిజం నుంచి ఆయన వెళ్లిన నిర్ణయానికి దారి లేదు. ఎందుకు లేదో వివరంగా చెప్పడం నా బాధ్యత. గోదావరి జిల్లాల్లోనే మానసిక వైద్యుడిగా పనిచేస్తూ పెద్దవాణ్ణయ్యాను, సగం తెలిసిన మంచి విషయం వల్ల వైద్యం ఆగిపోయిన ఇళ్లను చూశాను.

ఒంట్లో జబ్బు మనసును చెదరగొట్టగలదన్న సంగతి కొత్తది కాదు. వందేళ్ల కిందట యూరప్, అమెరికాల మానసిక చికిత్సాలయాల్లో చాలా పడకలు సిఫిలిస్ మెదడుకు పాకినవారితో నిండి ఉండేవి. వారి మెదడులో ఆ క్రిమిని 1913లో నొగుచి, మూర్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు చూపించారు. పెన్సిలిన్ వచ్చాక ఆ రోగులు చాలావరకు కనుమరుగయ్యారు. 1918 ఇన్‌ఫ్లుయెంజా మహమ్మారి తర్వాత సైకోసిస్‌తో వచ్చినవారి గురించి కార్ల్ మెనింజర్ అనే మానసిక వైద్యుడు బోస్టన్‌లో రాసిపెట్టాడు. ఇదంతా పాత కథ. ఇటీవల తేలినది ఇంతకన్నా సూక్ష్మమైనది.

డెన్మార్క్‌లో దేశ ప్రజలందరి ఆసుపత్రి రికార్డులు ఒకచోట ఉంటాయి. 1977 నుంచి 2006 వరకు ఉన్న రికార్డులను జల్లెడపట్టి 2011లో ఒక అధ్యయనం ప్రచురించారు. ఏదో ఒక ఇన్‌ఫెక్షన్‌తో ఆసుపత్రిలో చేరిన చరిత్ర ఉన్నవారికి ఆ తర్వాత స్కిజోఫ్రెనియా, అంటే సైకోసిస్ దీర్ఘకాలం సాగే జబ్బు, వచ్చే అవకాశం 60 శాతం ఎక్కువగా కనిపించింది. రోగనిరోధక శక్తి సొంత ఒంటి మీదే దాడి చేసే ఆటోఇమ్యూన్ జబ్బులున్నవారిలో 29 శాతం ఎక్కువ. 60 శాతం అనగానే గుండె ఝల్లుమంటుంది, కానీ లెక్కను ఇలా చూడండి. స్కిజోఫ్రెనియా జీవితకాలంలో నూరుమందిలో సుమారు ఒకరికి వస్తుంది. దాని మీద 60 శాతం పెరిగితే రెండుకు కూడా చేరదు. అంటే ఆసుపత్రిలో చేరేంత జ్వరం వచ్చిన నూరుమందిలో తొంభై ఎనిమిది మంది ఈ జబ్బు జోలికే రారు. మన కోనసీమలో వానాకాలం వచ్చిందంటే టైఫాయిడో డెంగీయో ఏదో ఒకటి తగలని వీధి ఉండదు. జ్వరం వచ్చింది కాబట్టే సైకోసిస్ వచ్చిందని ఒక మనిషి విషయంలో తేల్చి చెప్పడానికి ఈ అంకెలు సరిపోవు.

ఇంకొక అధ్యయనం నాకు మరింత ముఖ్యంగా తోస్తుంది. ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్ ప్రాంతంలో 1990ల తొలి రోజుల్లో పుట్టిన పిల్లలను ఏళ్ల తరబడి గమనిస్తూ వచ్చారు. వారి తొమ్మిదో ఏట రక్తంలో ఇంటర్‌ల్యూకిన్-6 అనే పదార్థాన్ని కొలిచారు. ఇన్‌ఫ్లమేషన్ సమయంలో రోగనిరోధక కణాలు ఒకదానికొకటి పంపుకొనే సంకేతం అది. 2014లో వచ్చిన ఫలితం ఏమిటంటే, ఆ పదార్థం ఎక్కువగా ఉన్న మూడో వంతు పిల్లల్లో, తక్కువగా ఉన్న మూడో వంతుతో పోలిస్తే, పద్దెనిమిదో ఏట సైకోసిస్ లాంటి అనుభవాలు సుమారు 1.8 రెట్లు ఎక్కువ. ఇది ఎందుకు ముఖ్యమంటే, ఆ కొలత తీసుకున్నప్పుడు వారికి జబ్బు లేదు, మాత్రలు లేవు, సిగరెట్టు లేదు. జబ్బు ముదిరాక రక్తం తీస్తే చిక్కు ఉంటుంది. మందుల వల్ల బరువు పెరిగి ఉంటారు, చాలామంది పొగ తాగుతుంటారు, ఆ రెండూ ఇన్‌ఫ్లమేషన్‌ను పెంచుతాయి. అందుకే పరిశోధకులు తొలి దశ రోగుల వెంట, అందులోనూ ఇంకా ఒక్క మాత్ర వేసుకోని వారి వెంట పడతారు. అలాంటివారిలో కూడా ఇంటర్‌ల్యూకిన్-6 వంటివి సగటున ఎక్కువగా ఉన్నాయని, వైద్యంతో లక్షణాలు తగ్గేకొద్దీ కొన్ని తగ్గుతాయని అనేక అధ్యయనాలను కలిపి చూసిన విశ్లేషణలు చెప్పాయి.

సగటున అన్న మాటను గట్టిగా పట్టుకోండి. ఇన్‌ఫ్లమేషన్ గుర్తులు స్పష్టంగా పెరిగి కనిపించేది సైకోసిస్ ఉన్నవారిలో సుమారు మూడో వంతు మందిలోనే. మిగతావారి రక్తం ఆరోగ్యవంతుల రక్తం లాగే ఉంటుంది. కాబట్టి సైకోసిస్ అంటే ఇన్‌ఫ్లమేషన్ అని ఎవరైనా రాస్తే, వారు మూడింట రెండు వంతుల రోగులను వదిలేసి రాస్తున్నారు.

లోపల ఏమి జరుగుతుందన్నదానికి రెండు దారులు బలంగా కనిపిస్తున్నాయి. మొదటిది మెదడు పెరుగుదలకు సంబంధించింది. కౌమారం చివర్లో మెదడు తనకు అక్కరలేని నాడీ సంధులను, అంటే నాడీకణాల మధ్య కలయికలను, తొలగించుకుంటుంది. ఆ పని చేసేవి మైక్రోగ్లియా అనే కణాలు. అవి మెదడులోని రోగనిరోధక కణాలే. దేన్ని తీసివేయాలో గుర్తుపెట్టడానికి కాంప్లిమెంట్ అనే ప్రోటీన్లు తోడ్పడతాయి. 2016లో వెలువడిన ఒక పరిశోధనలో, ఆరో క్రోమోజోము మీద ఉన్న సీ4 అనే జన్యువు కొన్ని రూపాల్లో ఉంటే ఆ ప్రోటీను మెదడులో ఎక్కువగా తయారవుతుందని, అలాంటివారికి స్కిజోఫ్రెనియా ముప్పు కొంత ఎక్కువని తేలింది. కొబ్బరిచెట్టుకు ఎండిన మట్టలు తీయడం మంచిదే, పచ్చి మట్టలు కూడా కోసేస్తే కాపు పడిపోతుంది. ఇక్కడ జరిగేదీ అలాంటిదేనని శాస్త్రవేత్తల అనుమానం. సైకోసిస్ ఎక్కువగా పదిహేడు, ఇరవై ఐదేళ్ల మధ్య బయటపడటానికి ఇది ఒక కారణం కావచ్చు.

రెండో దారి రసాయనాలది. ఇన్‌ఫ్లమేషన్ సంకేతాలు పెరిగినప్పుడు, మనం తినే మాంసకృత్తుల్లో ఉండే ట్రిప్టోఫాన్ మామూలు దారి వదిలి కైన్యూరెనిన్ అనే మరో దారి పడుతుంది. ఆ దారిలో పుట్టే కైన్యూరెనిక్ ఆమ్లం మెదడులో నాడీకణాల సంకేతాలను అందుకునే ఎన్‌ఎండీఏ గ్రాహకాలను అడ్డుకుంటుంది. అదే గ్రాహకాలను అడ్డుకునే కెటమిన్ అనే మత్తుమందు ఆరోగ్యవంతుల్లో కూడా కొద్దిసేపు సైకోసిస్ లాంటి స్థితిని తెస్తుంది. స్కిజోఫ్రెనియా ఉన్నవారి వెన్ను నీటిలో కైన్యూరెనిక్ ఆమ్లం ఎక్కువగా ఉన్నట్టు కొలిచారు కూడా. ఇక పెట్ స్కాన్‌తో మెదడులో మైక్రోగ్లియా చురుకుదనాన్ని నేరుగా చూద్దామని చేసిన ప్రయత్నాలు మాత్రం ఒకదానితో ఒకటి పొసగలేదు. కొన్నింటిలో ఎక్కువగా, కొన్నింటిలో తక్కువగా కనిపించింది. ఎంఆర్‌ఐ తీయిస్తే మెదడు వాపు కనిపించి రోగం తేలిపోతుందని మీ ఇంట్లో ఎవరైనా అనుకుంటుంటే, ఈ ఇన్‌ఫ్లమేషన్ ఎంఆర్‌ఐలో కనిపించే రకం కాదని చెప్పండి.

ఇప్పుడు మీ తమ్ముడి సీఆర్‌పీ సంగతికి వస్తాను. సీఆర్‌పీ కాలేయంలో తయారయ్యే ప్రోటీను. ఒంట్లో ఎక్కడ ఇన్‌ఫ్లమేషన్ ఉన్నా పెరుగుతుంది, మెదడు గురించి విడిగా ఏమీ చెప్పదు. సైకోసిస్ పరిశోధనల్లో మాట్లాడే పెరుగుదల చాలా చిన్నది, లీటరుకు మూడు మిల్లీగ్రాముల చుట్టూ తిరిగే వ్యవహారం. పది దాటితే అది అప్పటికప్పుడు ఉన్న ఏదో ఇన్‌ఫెక్షన్ వల్ల అయి ఉంటుందని, అలాంటివారి రక్తాన్ని చాలా అధ్యయనాలు లెక్కలోకే తీసుకోవు. మీ మేనమామగారు చదివిన ఇన్‌ఫ్లమేషన్‌కు ఈ 14 సాక్ష్యం కాలేదు. ఆ అంకె మరీ పెద్దది.

అలాగని దాన్ని వదిలేయమనడం లేదు. ఇన్‌ఫెక్షన్ పూర్తిగా తగ్గితే సీఆర్‌పీ రోజుల్లోనే దిగిపోతుంది, రక్తంలో అది సగానికి తగ్గడానికి పట్టేది సుమారు 19 గంటలే. టైఫాయిడ్ తగ్గి రెండు నెలలు కావస్తున్న మనిషిలో 14 ఉందంటే వేరే కారణం వెతకాలి. ఇంజెక్షన్ చేసిన చోట గడ్డ కట్టిందా, పంటి చిగురు వాచిందా, గొంతు నొప్పి ఉందా, సెగగడ్డలు ఉన్నాయా చూడండి. టైఫాయిడ్ తిరగబెట్టే జబ్బు కూడా. వారం రోజులు సాయంత్రం పూట థర్మామీటరు పెట్టి కాగితం మీద రాయండి. ఆ కాగితం ఒక ఫిజీషియన్‌కు చూపించండి. జ్వరం ఏమీ లేకపోతే రెండు వారాల తర్వాత సీఆర్‌పీ మళ్లీ చేయిస్తే చాలు.

మీ ఉత్తరంలోనే ఇంకొక ముఖ్యమైన విషయం ఉంది. సంక్రాంతి నాటికే అతను మనుషులకు దూరమయ్యాడు, వేసవికల్లా నిద్ర తప్పింది, చదువు జారింది. టైఫాయిడ్ వచ్చింది ఇవన్నీ జరిగిన తర్వాత. సైకోసిస్ బయటపడకముందు నెలల తరబడి నడిచే తొలి ఛాయలు ఇలాగే ఉంటాయి. జ్వరం, నీరసం, నిద్రలేమి కలిసి అప్పటికే మొదలైన దాన్ని పైకి తెచ్చి ఉండవచ్చు. జ్వరమే పుట్టించిందనడానికి మాత్రం మీరు చెప్పిన కాలక్రమం ఒప్పుకోదు. మీ డాక్టరుకు టైఫాయిడ్ గురించి చెప్పినంత వివరంగా సంక్రాంతి గురించి కూడా చెప్పండి. ఇళ్లలో చాలామంది మాటలు వినిపించిన రోజు నుంచే కథ మొదలుపెడతారు.

ఇన్‌ఫ్లమేషన్ నిజంగా అత్యవసరమయ్యే సందర్భం ఒకటుంది. ఈ సమాధానంలో ఒక్క భాగమే గుర్తుంచుకుంటామంటే, ఇది గుర్తుంచుకోండి. 2007లో జోసెప్ డాల్మౌ అనే నాడీవైద్యుడి బృందం ఎన్‌ఎండీఏ గ్రాహకాల మీద దాడి చేసే యాంటీబాడీలను గుర్తించింది. నేను పైన చెప్పిన గ్రాహకాలే అవి. మన రోగనిరోధక శక్తి తయారుచేసే ఆ యాంటీబాడీలు సొంత మెదడు మీదే దాడి చేసే ఈ జబ్బును యాంటీ ఎన్‌ఎండీఏ ఎన్‌సెఫలైటిస్ అంటారు. ఈ జబ్బు ఎక్కువగా యువతుల్లో వస్తుంది, వారిలో కొందరికి అండాశయంలో టెరటోమా అనే గడ్డ ఉంటుంది. పిల్లలకు, మగవారికి కూడా వస్తుంది. హెర్పిస్ వైరస్ మెదడుకు సోకి తగ్గిన తర్వాత రావడం కూడా ఉంది. మొదట తలనొప్పి, కొద్దిపాటి జ్వరం. తర్వాత కొద్దిరోజుల్లోనే అనుమానాలు, కేకలు, నిద్రలేమి. ఇంట్లోవారు గాలి సోకిందనుకుంటారు, మానసిక వైద్యుడు కూడా మొదటి చూపులో సైకోసిస్ అనుకోవచ్చు. తేడా ఆ తర్వాతి రోజుల్లో తెలుస్తుంది. ఫిట్స్ వస్తాయి. నోరు, పెదవులు, నాలుక తమంతట తాము వింతగా కదులుతుంటాయి. మాట తగ్గుతూ ఆగిపోతుంది. మనిషి కొయ్యబారిపోతాడు, పెట్టిన చెయ్యి పెట్టినట్టే ఉంచుతాడు. మత్తుగా ఉంటాడు, రోజు, చోటు చెప్పలేడు. బీపీ, గుండె వేగం పెరుగుతూ తగ్గుతూ ఉంటాయి. మానసిక మాత్ర కొద్దిగా వేసినా ఒళ్లు కట్టెలా బిగుసుకుని జ్వరం పెరుగుతుంది.

వీటిలో ఏ ఒక్కటి కనిపించినా తెల్లవారేదాకా ఆగకండి. నాడీవైద్యుడు ఉన్న పెద్దాసుపత్రికి, కాకినాడకో రాజమండ్రికో, వెంటనే తీసుకువెళ్లండి. అక్కడ మెదడు విద్యుత్ సంకేతాలను నమోదు చేసే ఈఈజీ తీస్తారు, వెన్ను నుంచి నీరు తీసి యాంటీబాడీల పరీక్షకు పంపుతారు. వెన్నులో సూది గుచ్చితే నడుము పడిపోతుందన్న భయం మన ప్రాంతంలో బలంగా ఉంది, సంతకం పెట్టకుండా రోగిని ఇంటికి తీసుకుపోయేవారిని చూస్తే నాకు ఎంతో బాధ కలుగుతుంది. వెన్నుపాము ముగిసిన చోటుకు దిగువన ఆ సూది వేస్తారు. తలనొప్పి రావచ్చు, కాళ్లు చచ్చుబడతాయన్న భయం అక్కర్లేదు. ఈ జబ్బుకు స్టెరాయిడ్లు, ఇమ్యునోగ్లోబులిన్, ప్లాస్మా మార్పిడి వంటి వైద్యాలున్నాయి, గడ్డ ఉంటే తీసేస్తారు. 577 మంది రోగులను పరిశీలించి 2013లో ప్రచురించిన అధ్యయనంలో రెండేళ్లకు 81 శాతం మంది చక్కగా కోలుకున్నారు. స్టెరాయిడ్‌కు నిజమైన చోటు ఇదే.

మీ తమ్ముడిలో ఈ గుర్తులేవీ ఉన్నట్టు మీరు రాయలేదు. నెలల తరబడి మెల్లగా నడిచిన కథ కూడా దానికి సరిపోదు. నాడీ లక్షణాలేమీ లేకుండా కేవలం మానసిక లక్షణాలతో ఈ జబ్బు కనిపించడం అరుదు, 571 మందిని చూసిన ఒక అధ్యయనంలో అది 4 శాతమే. కాబట్టి ప్రతి రోగికీ యాంటీబాడీ పరీక్ష చేయించమని పట్టుబట్టడం డబ్బు దండగ. థైరాయిడ్, బీ12, చక్కెర, సోడియం, కాలేయం, మూత్రపిండాలు, హెచ్‌ఐవీ, సిఫిలిస్ పరీక్షలు మొదటిసారి సైకోసిస్ వచ్చినవారికి చేయించడం మాత్రం సమంజసం. ఈపాటికి మీ డాక్టరు రాసే ఉంటారు.

స్టెరాయిడ్ ఇప్పించడం మీ మేనమామగారి సూచనలన్నింటిలోకీ ప్రమాదకరమైనది. స్టెరాయిడ్లే సైకోసిస్ తెప్పించగలవు. 1972లో బోస్టన్‌లో చేసిన పరిశీలనలో, ప్రెడ్నిసోన్ అనే స్టెరాయిడ్ రోజుకు 40 మిల్లీగ్రాముల లోపు తీసుకున్నవారిలో 1.3 శాతం మందికి, 80 దాటి తీసుకున్నవారిలో 18.4 శాతం మందికి మానసిక లక్షణాలు వచ్చాయి. ఇంకొక మాట. జ్వరం త్వరగా దిగడానికి సెలైన్‌లో డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ కలిపి ఇవ్వడం మన పల్లెల్లో మామూలైపోయింది. మీ తమ్ముడికి ఏమేమి ఇంజెక్షన్లు ఇచ్చారో ఆర్‌ఎంపీని అడిగి తెలుసుకోండి. తగవు పెట్టుకోవద్దు, పేర్లు రాయించుకుంటే చాలు. మూడు వారాల తర్వాత మొదలైన మాటలకు అది కారణం కాకపోవచ్చు, అయినా మీ మానసిక వైద్యుడికి ఆ సమాచారం ఉండాలి.

ఇన్‌ఫ్లమేషన్‌ను తగ్గించే మందులతో సైకోసిస్ తగ్గుతుందా అని ప్రయత్నాలు జరిగాయి, ఫలితాలు ఆశపెట్టి నిరాశపరిచాయి. సెలెకోక్సిబ్ అనే నొప్పి మాత్రను మామూలు వైద్యానికి జోడించి జర్మనీలో 2002లో, ఆ తర్వాత మళ్లీ పరీక్షించినప్పుడు, జబ్బు కొత్తగా ఉన్నవారిలో కొంత మేలు కనిపించింది. మినోసైక్లిన్ అనే యాంటీబయాటిక్ మీద పెద్ద ఆశ పెట్టుకున్నారు. బ్రిటన్‌లో తొలి దశలో ఉన్న 207 మందికి ఏడాది పాటు సాగిన పరీక్షలో మేలేమీ లేదని 2018లో తేలింది. చేపనూనె కథ కూడా ఇదే. వియన్నాలో సైకోసిస్ ముప్పున్న 81 మందితో 2010లో వచ్చిన ఫలితం అద్భుతంగా ఉంది. 304 మందితో 2017లో వచ్చిన ఫలితంలో ఆ మేలు మాయమైంది. ఇవన్నీ మామూలు మందులకు జోడించి చూసినవో, ఇంకా జబ్బు రానివారిలో చూసినవో. సైకోసిస్ వచ్చిన మనిషికి మాత్రలు ఆపి వీటిని ఇవ్వమని ఏ పరీక్షా చెప్పలేదు. నా అభిప్రాయం అడిగితే, ఇన్‌ఫ్లమేషన్ నిజంగా ఉన్న ఆ మూడో వంతు మందిని ముందుగా వేరుచేసి వారికే ఇచ్చి చూస్తే తప్ప ఈ మందుల విలువ తేలదు. ఆ దిశలో పని జరుగుతోంది, ఫలితం వస్తుందనే నా నమ్మకం. కానీ అది మీ తమ్ముడికి ఈ వారం పనికివచ్చేది కాదు.

కూరలో పసుపు ఎంతైనా వేయండి. క్యాప్సూళ్లు మాత్రం వద్దు. మిరియాల సారం కలిపి అమ్మే పసుపు క్యాప్సూళ్లతో కాలేయం దెబ్బతిన్న సంఘటనలు వైద్యపత్రికల్లో నమోదయ్యాయి, మానసిక మందులు కూడా కాలేయం మీదుగా పోయేవే. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్ వంటివి మందుల షాపులో కొని రోజూ మింగితే మూత్రపిండాలు పాడయ్యే ప్రమాదం ఉంది. ఇది చదివేవారిలో ఎవరి ఇంట్లోనైనా లిథియం అనే మానసిక మందు వాడుతుంటే మరింత జాగ్రత్త అవసరం. ఆ నొప్పి మాత్రలు రక్తంలో లిథియాన్ని విషం స్థాయికి పెంచగలవు.

క్లోజపిన్ అనే సైకోసిస్ మందు వాడేవారి ఇళ్లలో తెలుసుకోవలసిన సంగతి కూడా ఇక్కడే చెబుతాను, ఎందుకంటే ఇన్‌ఫ్లమేషన్‌కూ మానసిక వైద్యానికీ ఉన్న సంబంధం రోజువారీ జీవితంలో అన్నిటికన్నా స్పష్టంగా కనిపించేది అక్కడే. గట్టి జ్వరం వచ్చినప్పుడు క్లోజపిన్‌ను కరిగించే కాలేయపు ఎంజైము నెమ్మదిస్తుంది. నిన్నటి మోతాదే ఇవాళ రెట్టింపు మోతాదులా పనిచేయవచ్చు. మనిషి తూలుతున్నా, లేపినా లేవకపోయినా, చొల్లు బాగా పెరిగినా ఆ రోజే డాక్టరుకు ఫోను చేయాలి. అదే మందు తెల్లకణాలను పడగొట్టడం వల్ల కూడా జ్వరం రావచ్చు, మొదటి వారాల్లో గుండె కండరానికి ఇన్‌ఫ్లమేషన్ వచ్చి కూడా రావచ్చు. కాబట్టి క్లోజపిన్ మీద ఉన్నవారికి జ్వరం వస్తే ఊళ్లో సెలైన్ పెట్టించి ఊరుకోకూడదు, అదే రోజు రక్త పరీక్ష చేయించాలి.

ఒంట్లో ఇన్‌ఫ్లమేషన్‌ను తగ్గించే పనులు మీ చేతిలో కొన్ని ఉన్నాయి, అవి ఎలాగూ చేయవలసినవే. రిస్పెరిడోన్, అంతకన్నా ఎక్కువగా ఒలాంజపిన్, ఆకలిని పెంచుతాయి. తొలి నెలల్లోనే బరువు పెరుగుతుంది, నడుము చుట్టూ చేరిన కొవ్వు తానే ఇంటర్‌ల్యూకిన్-6ను విడుదల చేస్తుంది. ఇప్పుడే బరువు తూచి, నడుము కొలిచి రాసిపెట్టుకోండి. నెలనెలా చూడండి. పెరుగుతుంటే డాక్టరును అడగండి, మందు మార్చడమో మెట్‌ఫార్మిన్ అనే చక్కెర జబ్బు మాత్ర కలపడమో చేస్తారు. రోజూ కాలువగట్టు వెంట ఎవరో ఒకరు తోడుగా నడవండి. చేపలు తినిపించండి, పులసే కావాలని లేదు. పళ్లు ఒకసారి డెంటిస్టుకు చూపించండి. గంజాయి గురించి మాత్రం మీరే, అక్కగా, ఒంటరిగా ఉన్నప్పుడు అడగండి. నాన్నగారి ముందు అడిగితే లేదంటాడు. వాడుతున్నట్టు తెలిస్తే తిట్టకండి, డాక్టరుకు చెప్పండి. సైకోసిస్‌కు గంజాయితో ఉన్న సంబంధం సీఆర్‌పీతో ఉన్నదానికన్నా ఎంతో గట్టిది.

అమ్మగారి తాయెత్తు జోలికి వెళ్లకండి. అది చేతికి ఉంటే మాత్రకు అడ్డం రాదు, ఆవిడకు ధైర్యం. భూతవైద్యుడు ఉపవాసం ఉంచమన్నా, పొగ వేసినా, కొట్టినా, కట్టేయమన్నా అప్పుడు మాత్రం మీరు అడ్డం నిలవాలి.

మీరు మాటలు మొదలైన నెలలోపే వైద్యం మొదలుపెట్టించారు. ఇది ఎంత పెద్ద పనో మీకు తెలియాలి. అమెరికాలో తొలి దశ సైకోసిస్ మీద జరిగిన ఒక పెద్ద అధ్యయనంలో, 2015లో వచ్చిన ఫలితాల ప్రకారం, లక్షణాలు మొదలయ్యాక వైద్యం అందేసరికి సగం మందికి 74 వారాలకు పైగా గడిచిపోయాయి. ఆలస్యం తక్కువైనవారే బాగా కోలుకున్నారు. మీరు సంపాదించిన ఆ కాలాన్ని మాత్రలు ఆపి పోగొట్టుకోకండి. మొదటిసారి సైకోసిస్ నుంచి కోలుకున్నవారిని ఐదేళ్లు గమనించి 1999లో ప్రచురించిన అధ్యయనంలో, మందు ఆపినవారికి జబ్బు తిరగబెట్టే అవకాశం దాదాపు ఐదు రెట్లు పెరిగింది. పది రోజుల్లో మాటలు పూర్తిగా పోలేదని మీరు రాశారు. నాలుగు నుంచి ఆరు వారాలు చూడాలి. నిద్ర ముందు కుదుటపడుతుంది, అనుమానం చివరన వదులుతుంది. చేతులు వణికినా, మెడ పట్టేసినా, ఒకచోట కూర్చోలేకపోయినా డాక్టరుకు చెబితే సరిచేస్తారు, దానికోసం ఆపేయనక్కర్లేదు. వరద రోజుల్లో లంక గ్రామాలకు రాకపోకలు ఆగుతాయి కాబట్టి, జూలై నుంచి సెప్టెంబరు దాకా ఇంట్లో నెలకు సరిపడా మాత్రలు ముందే పెట్టుకోండి. అర్ధరాత్రి సలహా కావాలంటే టెలి మానస్ నంబరు 14416కు చేయండి, తెలుగులో మాట్లాడతారు, డబ్బు అక్కర్లేదు.

చివరగా, నాన్నగారికి తోడుగా రొయ్యల చెరువు మీదకు పంపవచ్చా, హాస్టల్‌కు ఎప్పుడు పంపాలి అని అడిగారు. తెల్లవారుజామున చెరువులో ఆక్సిజన్ పడిపోతుందని ఏరేటర్లు చూసుకోవడానికి రాత్రంతా మేలుకోవాలని నాకు తెలుసు. ఆ రాత్రి కాపలా అతనికి కనీసం ఆరు నెలలు వద్దు. నిద్ర తగ్గితే ఇంటర్‌ల్యూకిన్-6 పెరుగుతుంది, అంతకన్నా ముందు సైకోసిస్ తిరగబెడుతుంది. పగలు మేత వేసే పనికి నాన్నగారితో వెళ్లనివ్వండి, చేతికి పని ఉండటం మంచిది. కాలేజీకి డాక్టరు సర్టిఫికెట్‌తో ఈ సెమిస్టరుకు సెలవు పెట్టించండి, జబ్బు పేరు అందరికీ చెప్పనక్కర్లేదు. వచ్చే సెమిస్టరుకు కుదుటపడితే హాస్టల్‌లో కాకుండా, చించినాడ వంతెన మీదుగా ఇంటి నుంచే బస్సులో వెళ్లి వచ్చేలా చూడండి. రాత్రి మాత్ర మీ కళ్ల ముందే వేసుకుంటాడు.